జీడి మరక

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా ఆవిడ అంటే ఒప్పుకోను గానీ, కథ చెప్పడానికి కూర్చున్నాను కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను. కాశీబుగ్గ బస్టాండు వెనక వీధిలో ఇరవై ఏళ్ళుగా రక్తపరీక్షల లాబ్ నడుపుతున్న నీలకంఠం కోపం సంగతి ఆ వీధిలో ఎవరినడిగినా చెప్తారు. అప్పట్లో లాబ్ గోడ మీద ఎర్ర రంగుతో ఒక బోర్డు ఉండేది. "చేతులు శుభ్రంగా కడుక్కొని రావలెను" అని.

అది జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ కోసం రాయించాను. జీడిపిక్క పెంకులో నూనె ఉంటుంది. చర్మానికి తగిలితే కాలుతుంది, నల్లగా మచ్చ పడుతుంది, పది రోజులకు పొర ఊడుతుంది, అది ఊడేలోగా ఇంకోటి పడుతుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా బట్టీలో పనిచేసేవాళ్ళ చేతులు నల్లగానే ఉంటాయి. ఆ చేతులు నా బల్లమీద పెడితే బల్లకి మరక, దూదికి మరక, నాకు కోపం. సబ్బుతో పోని మరకని కడుక్కురమ్మని బోర్డు పెట్టిన మేధావిని నేను.

2002 ఫిబ్రవరిలో ఒక పొద్దున్న గున్నయ్య అనే ఆయన కూతుర్ని తీసుకుని వచ్చాడు. వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డు పల్లె వాళ్ళది. ఆయన వేటకు వెళ్తాడు. కూతురు కుమారికి ఇరవై మూడేళ్ళుంటాయి. పెళ్ళయింది, మొగుడు ఈశ్వర్ గుజరాత్‌లో, వెరావల్‌లో బోటు మీద ఉన్నాడు. అతను వచ్చేదాకా పుట్టింట్లో ఉంటూ, రోజూ ఆటోలో కాశీబుగ్గ వచ్చి జీడిబట్టీలో పిక్కలు కొడుతుంది.

"బాబూ, మా అమ్మి నీరసంగుంటన్నాదండి. నాలుగు పిక్కలు కొట్టగానే ఆయాసమొచ్చేత్తన్నాది" అన్నాడు గున్నయ్య, డాక్టర్ కృష్ణారావు గారి చీటీ నా ముందు పెట్టి.

చీటీ చూడక్కర్లేదు. ఆ రోజుల్లో నా దగ్గరికి పది చీటీలు వస్తే ఎనిమిదింటి మీద ఒకటే రాత. యూరియా, క్రియాటినిన్. మా తీరాన ఉద్దానం పల్లెల మనిషికి నడుం నొప్పి వచ్చినా కిడ్నీయే, ఆకలి తగ్గినా కిడ్నీయే. పెళ్ళి సంబంధం ఖాయం చేసుకునే ముందు గుట్టుగా వచ్చి పరీక్ష చేయించుకుని వెళ్ళినవాళ్ళు కూడా నాకు తెలుసు. వాళ్ళని అనడానికి లేదు. ఇంటికొకరు చొప్పున పోయారు ఆ ఊళ్ళలో. అక్షరం ముక్క రానివాళ్ళకి కూడా క్రియాటినిన్ అంకె తెలుసు. ఒకటి దాటకపోతే బతికినట్టు.

కుమారి బల్లమీద చేయి పెట్టింది. అరచేయి నుంచి మోచేతి దాకా నల్లమచ్చలు.

"బోర్డు కనపడలేదా?" అని కసిరాను.

"సదువు రాదు బాబూ నాకు" అంది మెల్లగా.

నోరు మూసుకుని సూది గుచ్చాను. రక్తం తీసి దూది పెట్టాను. దూది తడిసిపోయింది. ఇంకోటి పెట్టాను. అదీ తడిసింది. మూడో దూది పెట్టి పది నిమిషాలు చెయ్యి మడిచి పట్టుకోమంటే అప్పటికి ఆగింది.

"జీడికి తోలు పలసనైపోనాది బాబూ, అందుకే" అన్నాడు గున్నయ్య.

అవును కాబోలు అనుకున్నాను. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, రక్తం ఆగకపోవడానికి కారణం ఒక జాలరి చెప్తే తలూపేశాను. అయితే ఒక పాత అలవాటు మాత్రం చేయి దానంతట అదే చేసేసింది. నేను విశాఖపట్నం ఆసుపత్రిలో పని నేర్చుకున్నది డాక్టర్ మోహిని మేడమ్ దగ్గర. రక్తపు జబ్బుల పరీక్షల్లో ఆవిడంతటివాళ్ళు మా ఎరికలో లేరు. "చీటీ అడగకపోయినా ప్రతి రక్తానికీ ఒక స్లయిడు లాగి పెట్టు" అనేవారు. సూది మొనన మిగిలిన చుక్కని గాజుపలక మీద పెట్టి, ఇంకో పలక అంచుతో పలచగా లాగి, స్పిరిట్‌లో ముంచి ఆరబెడతాం. ఆ తరువాత రంగు పోసి చూడాలి. లాగడం వరకే చేశాను. రంగు పొయ్యలేదు, చూడలేదు. బయట బెంచీ మీద ఇంకా పద్నాలుగు మంది క్రియాటినిన్ కోసం కూర్చుని ఉన్నారు. స్లయిడు మీద పేరు, తేదీ రాసి చెక్కపెట్టెలో పడేశాను.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. సున్నా పాయింట్ ఎనిమిది.

"ఎంత బాబూ? మళ్ళీ సెప్పు" అన్నాడు గున్నయ్య. చెప్పాను. మళ్ళీ అడిగాడు. మూడోసారి చెప్పాక కూతురి తల నిమిరి, "మీ అమ్మకొచ్చిన రోగం నీకు రానేదే అమ్మీ!" అని ఏడ్చేశాడు. ఆయన భార్య పైడమ్మ రెండేళ్ళ కిందట కిడ్నీ జబ్బుతోనే పోయిందట. ఆ ఏడుపు చూసి నాకూ మనసు కరిగింది.

"కిడ్నీ భేషుగ్గా ఉంది. ఇంక భయం లేదు, వెళ్ళిరండి" అన్నాను.

కిడ్నీ బాగుందని చెప్పడం నా పని. భయం లేదని చెప్పమని నన్నెవరూ అడగలేదు.

డాక్టరు గారు బలానికి టానిక్ రాసి పంపించారు. రెండు రోజుల తరువాత గున్నయ్య బస్సు దిగి వచ్చి, కొబ్బరాకు బుట్టలో రెండు చందువ చేపలు నా బల్లమీద పెట్టాడు. పెద్దవి, వెండిపళ్ళేల్లా ఉన్నాయి. "నీ నోటి మాట మంచిది బాబూ" అన్నాడు. మా ఆవిడ పులుసు పెట్టింది. లొట్టలేసుకుంటూ తిన్నాను, మర్నాటికి మిగిలిన ముక్క కూడా వదల్లేదు.

తొమ్మిదో రోజు పొద్దున్నే లాబ్ తలుపు తీసేసరికి తండ్రీకూతుళ్ళిద్దరూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. కుమారి మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది. తువ్వాలు ఎర్రగా ఉంది. మొహంలో రక్తం చుక్క లేదు.

"రెండ్రోజుల్నుంచి సిగుళ్ళంట నెత్తురు కారతన్నాది బాబూ. ఉప్పునీళ్ళు పుక్కిలించినా ఆగనేదు. కిడ్నీ ఓపాలి మళ్ళీ సూడు" అన్నాడు గున్నయ్య.

లోపల కూర్చోబెట్టి జాకెట్టు చెయ్యి పైకి లాగమన్నాను. రక్తపోటు పట్టీ చుట్టడానికి లాగమన్నాను, అంతే. మోచేతికి పైన, చెయ్యి కప్పే చోట, అరచేయంత నల్లమచ్చ. దాని చుట్టూ ఆవగింజలు చల్లినట్టు ఎర్రటి చుక్కలు.

"ఇదేమిటి?"

"జీడి మరక బాబూ" అంది.

"జాకెట్టు లోపలికి జీడెలా వెళ్ళిందే?"

ఆ పిల్ల మచ్చని ఒకసారి చూసుకుంది, నన్ను చూసింది. నేను బొటనవేలితో ఆ చుక్కల్ని నొక్కాను. రంగు చెదరలేదు. చర్మం కింద కారిన రక్తం అది. ఇంకా ఎక్కడున్నాయి అంటే కాలి పిక్కల మీద, తొడల మీద ఉన్నాయంది. ఇరవై రోజుల నుంచి ఉన్నాయట. బట్టీలో అందరికీ మచ్చలే కదా, ఎవరు ఎవరికి చెప్తారు?

వేలికొసన చుక్క తీసి స్లయిడు లాగాను. రంగు పోసి, కడిగి, ఆరబెట్టేసరికి పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాలూ గున్నయ్య "కిడ్నీకే సూత్తన్నావా బాబూ?" అని నాలుగుసార్లు అడిగాడు.

మైక్రోస్కోపులో ముందు కనిపించిందేమిటంటే, కనపడాల్సినవి కనపడకపోవడం. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు ఇసక రవ్వల్లా ఎక్కడ చూసినా ఉండాలి. వెతికితే ఒకటీ అరా. తెల్లకణాలూ తక్కువే. ఉన్న కాసిన్నిట్లో సగం, ఇక్కడ ఉండకూడనివి.

మోహిని మేడమ్ పాఠం ఇప్పటికీ చెవుల్లో ఉంది. తెల్లకణాలు ఎముకల్లోని మూలుగలో పుడతాయి, అక్కడే పెరిగి పెద్దయ్యాక రక్తంలోకి వస్తాయి. పాలు మరవని పిల్లకణాలు ఎదగడం మానేసి, గుంపులు గుంపులుగా పుట్టి మూలుగంతా ఆక్రమించి వీధిలోకి వచ్చేస్తే అది ఎక్యూట్ లుకేమియా. రక్తం కేన్సర్ అని జనం అనేది దాన్నే. అయితే ఆ పేరు చెప్పి ఊరుకుంటే మేడమ్ గరిటెతో కొట్టినంత పని చేసేవారు. "ముందు ఏ ఇంటి పిల్లో చెప్పు నీలకంఠం. ఆ తరువాత ఎన్నో బిడ్డో చెప్పు" అనేవారు. ఇళ్ళు రెండు. లింఫాయిడ్, మైలాయిడ్. చిన్నపిల్లల్లో ఎక్కువగా మొదటిది, పెద్దవాళ్ళలో ఎక్కువగా రెండోది. కణం సైజు, దాని గింజ, అంటే న్యూక్లియస్ ఆకారం, లోపల రేణువులు, కొన్ని ప్రత్యేకమైన రంగులు పట్టడం, పట్టకపోవడం, వీటిని బట్టి ఇల్లు తెలుస్తుంది. మైలాయిడ్ ఇంట్లో మళ్ళీ సున్నా నుంచి ఏడు దాకా అంకెలు. మందు ఆ అంకెని బట్టే.

అందులో మూడో అంకె ఉంది చూశారూ, ఎమ్ త్రీ, అది మహా దొంగది. మిగతా వాటిలో తెల్లకణాలు లక్షల్లో పెరిగి తమంతట తామే పట్టుబడతాయి. ఇందులో చాలాసార్లు తగ్గుతాయి. చప్పుడు చెయ్యకుండా రక్తం గడ్డకట్టే శక్తినంతా తినేస్తుంది. ఆలస్యమైతే మెదడులో రక్తం చిమ్మి ఒక్క పూటలో మనిషి పోతాడు. సమయానికి పట్టుకుంటే అన్నిట్లోకీ బాగా నయమయ్యేదీ ఇదే. దానికి వేరే మందుంది.

కుమారి చనిపోవడమా బతకడమా అన్నది ఆ అంకె మీద ఉందని నాకు తెలుసు. ఇల్లు మైలాయిడ్ అని తెలుస్తోంది. అంకె మూడేనా? కొత్త స్లయిడులో కణాలు బొత్తిగా తక్కువ, అందులో కొన్ని చితికిపోయాయి. తేల్చుకోలేకపోయాను. అప్పుడు గుర్తొచ్చింది చెక్కపెట్టె.

తొమ్మిది రోజుల కిందటి స్లయిడు తీసి రంగు పోశాను. మైక్రోస్కోపు కింద పెట్టిన నిమిషానికే కనపడింది. రెండు తమ్మెలుగా నడుం నొక్కుకుపోయిన గింజ, చుట్టూ ముదురు రేణువులు కిక్కిరిసి ఉన్నాయి. వాటి మధ్య ఎర్రటి సన్న పుల్లలు. ఒకటి కాదు, రెండు కాదు. నేను రంగు పోసి చూడాల్సిన రోజునే అవి అక్కడ ఉన్నాయి. ఆ రోజు నేను ఇంక భయం లేదు అన్నాను.

ఫోను తీసి విశాఖకి కొట్టాను. మేడమ్ అదృష్టం కొద్దీ లైన్లోకి వచ్చారు. అంతా చెప్పాను.

"పుల్లలు చూశావా?" అన్నారు.

"చూశాను మేడమ్."

"విడివిడిగా ఉన్నాయా, కట్టగా ఉన్నాయా? కట్టగా ఉంటేనే మూడో అంకె. తొందరపడకు. నువ్వు చెప్పేదాన్ని బట్టి నేనిప్పుడు మందు కోసం మనిషిని పంపాలి. మళ్ళీ చూసి చెప్పు."

ఫోను బల్లమీద పెట్టి మళ్ళీ చూశాను. మా ఊళ్ళలో కొబ్బరాకుల ఈనెలు చీరి, కట్టకట్టి చీపురు చేస్తారు. ఉద్దానంలో ఏ అరుగు మీద చూసినా ఉంటుంది.

"ఈనెల చీపురు కట్టలా ఉన్నాయి మేడమ్" అన్నాను.

"ఒక కణంలోనేనా?" అన్నారు.

"నాలుగింటిలో ఉన్నాయి."

"ఎమ్ త్రీ అది. వెంటనే బయల్దేరదియ్. బస్సు వద్దు, ఆ గతుకులకి ఎక్కడైనా రక్తం చిమ్ముతుంది. రైల్లో తీసుకురా. తుంటికి ఇంజెక్షన్లు ఎవర్నీ వెయ్యనివ్వకు. రెండు స్లయిడ్లూ పట్రా."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగాను. గున్నయ్య లేచి నిలబడి ఉన్నాడు. లుంగీ బొడ్లో నుంచి పాలిథిన్ కవరు తీసి, అందులో మడతలు పడకుండా దాచుకున్న నా రిపోర్టు చూపించాడు.

"నువ్వే గదా బాబూ రాసినావు! కిడ్నీ బాగుంటే మడిసికి ఇంకేటౌతాది? ఇశాపట్నం ఎందుకు?"

నాకు కోపం వస్తే మాటలు వాటంతట అవే వస్తాయి. ఆ రోజు కోపం నా మీదే కాబట్టి ఒక్కో మాటా వెతుక్కుని చెప్పాను.

"గున్నయ్యా, ఇది కిడ్నీ కాదు, రక్తంలో జబ్బు. ఆ రోజే ఉంది. నేను చూడలేదు. చూడకుండానే భయం లేదని చెప్పాను. ఈ మచ్చలు జీడి కావు. తప్పు నాది."

"ఓలమ్మా!" అని గున్నయ్య కూలబడ్డాడు. "మరి నా పిల్ల..?"

"ఈ రోజు బయల్దేరితే బతుకుతుంది. రేపంటే నేను చెప్పలేను."

ఆయన నన్ను తిట్టినా బాగుండేది. రిపోర్టు వంక చూస్తూ, "సున్నా పాయింటెనిమిదన్నావు గదా బాబూ" అని అదే మాట అంటున్నాడు. ఆ అంకెని వదులుకోవడానికి ఆయనకి మనసు రావడం లేదు. అది పట్టుకునే తొమ్మిది రోజులు నిశ్చింతగా పడుకున్నాడు మరి. కూతురికి పుట్టుమచ్చ ఎక్కడుందో తెలిసిన తండ్రి, నల్లమచ్చలు మాత్రం జీడివే అనుకున్నాడు. నేనూ అంతే అనుకున్నాను.

లేచింది కుమారి. తువ్వాలు తీసి, "నాన్నా, ఎల్దాం. జాకెట్టు లోపలికి జీడెలగెల్తాది? ఆ మాటడిగినోడు ఈ బాబొక్కడే" అంది.

డాక్టరు కృష్ణారావు గారు వచ్చి మైక్రోస్కోపులో చూసి, తల పట్టుకుని, ఉత్తరం రాసిచ్చారు. లాబ్‌కి తాళం వేసి నేనూ వాళ్ళతో పలాసలో రైలెక్కాను. స్లయిడ్లు రెండూ దూదిలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఒక పెద్దమనిషి లేచి కుమారికి పడుకోవడానికి బల్ల ఖాళీ చేశాడు. నౌపడ దగ్గర ఉప్పుమడులు ఎండలో తెల్లగా మెరుస్తుంటే, అటు చూస్తూ, "బాబూ, ఈ రోగానికి పేరేటి?" అని అడిగింది.

చెప్పాను. ఇళ్ళు, అంకెలు, పుల్లలు, అన్నీ ఆ పిల్లకి అర్థమయ్యేలా చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"మూడో నంబరన్నమాట. బాగవుద్దంటావా?"

"మేడమ్ చూస్తారు" అన్నాను. మళ్ళీ భయం లేదు అనడానికి నాకు నోరు రాలేదు.

మేడమ్ స్టేషనుకే ఆసుపత్రి మనిషిని పంపించారు. మూలుగ తీసి పరీక్షకు ఇవ్వడం, అది రావడం తరువాతి సంగతి. నా స్లయిడ్లు కళ్ళతో చూసి తలూపగానే మొదటి మందు మింగించేశారు. బొటనవేలి గోరంత గుళికలు. వాటి వంక గున్నయ్య అనుమానంగా చూశాడు.

"కేన్సర్‌కి ఈ సిన్న గుళికలేటమ్మా? సూది మందు లేదా?"

"విటమిన్ ఎ ఉంది కదా, దానికి దగ్గర చుట్టం ఇది. ఎదగకుండా మొండికేసిన కణాల్ని ఎదిగేలా చేస్తుంది. సూది మందు తరువాత ఇస్తాం" అన్నారు మేడమ్.

"పెంచుతారేటి? సంపరా?"

"పెరిగి పెద్దయితే వాటికీ ముసలితనం వచ్చి పోతాయి గున్నయ్యా, మనలాగే."

ఆ దుఃఖంలోనూ ఆయనకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి నాకు కొంచెం ఊపిరాడింది.

ఆ తరువాత మేడమ్ నన్ను లోపలికి పిలిచారు. రెండు స్లయిడ్లూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. పాతదాని మీద నా చేతిరాతతో ఉన్న తేదీ మీద వేలు పెట్టారు.

"ఇదేమిటి?"

చెప్పాను. లాగి పెట్టాను, చూడలేదు మేడమ్, అన్నాను. తిడతారని తల వంచుకున్నాను. తిట్టలేదు. దాన్ని కాగితంలో చుట్టి నా చేతికిచ్చారు. "ఇది లేకపోతే నువ్వు ఈరోజు అంకె చెప్పలేకపోయేవాడివి. ఆ రోజే చూసి ఉంటే తొమ్మిది రోజుల ముందు చెప్పేవాడివి. నీ దగ్గరే ఉంచుకో" అన్నారు. వరండాలోకి వచ్చి స్తంభం చాటున నిలబడి ఏడ్చాను. నలభై రెండేళ్ళ మగాణ్ణి.

మొదటి పదిరోజులు గండం. ప్లేట్‌లెట్లు ఎక్కిస్తూనే ఉండాలన్నారు. కబురు తెలిసి వాళ్ళ పల్లె నుంచి పదకొండు మంది వేట మానుకుని రైలెక్కి వచ్చారు రక్తమివ్వడానికి. వరసగా బెంచీ మీద కూర్చుని చేతులు చాపారు. నేనూ ఇచ్చాను. ఈశ్వర్ వెరావల్ నుంచి బట్టలైనా మార్చుకోకుండా వచ్చి దిగాడు. మూలుగ పరీక్షలోనూ మూడో అంకే వచ్చింది. నలభై రోజులకి రక్తంలో పిల్లకణం ఒక్కటి కూడా కనపడలేదు. ఆ తరువాత రెండేళ్ళ పాటు మందులు, సూదులు. ప్రతి నెలా కాశీబుగ్గలో నా దగ్గర స్లయిడు. నేను చూసి మేడమ్‌కి ఫోను చేసేవాణ్ణి. ఆ పిల్ల ఎప్పుడు వచ్చినా బెంచీ మీద ఎంతమంది ఉన్నా ముందు ఆమెదే చూసేవాణ్ణి.

గోడకి సున్నం వేయించినప్పుడు ఆ బోర్డు తీయించేశాను, మళ్ళీ పెట్టలేదు. ఏ చీటీ వచ్చినా, ఏ అంకె అడిగినా, ముందు "చెయ్యి పైకి లాగు" అనడం మొదలుపెట్టాను. ఇదేం చాదస్తమని కొందరు నవ్వేవారు. నవ్వుకోనీ. చందువలు మాత్రం ఆ తరువాత ఎవరు తెచ్చినా తినలేకపోయాను. మా ఆవిడ కారణం అడిగితే అరుగుదల లేదని చెప్పాను.

2004 జులైలో మందులన్నీ ఆపేసిన మూడో నెలకి కుమారి పరీక్షకి వచ్చింది. వెనకే గున్నయ్య, చేతిలో కొబ్బరాకు బుట్ట. ఆ పిల్ల కొంచెం ఒళ్ళు చేసింది, జుట్టు మళ్ళీ ఒత్తుగా వచ్చింది. నవ్వుతూ బల్లమీద చెయ్యి పెట్టింది.

అరచేతి నుంచి మోచేతి దాకా నల్లమచ్చలు.

జబ్బు తిరగబెట్టే రోజు రావచ్చని మేడమ్ ముందే చెప్పి ఉన్నారు.

"ఏమిటే ఇవి?" అన్నాను.

"సేతులు కడుక్కునే ఒచ్చినాను బాబూ, పోనేదు" అంది. "నెల్లాళ్ళయి మళ్ళీ బట్టీకెల్తన్నాను. నువ్వు తిడతావని సెప్పనేదు."

"పైకి లాగు."

లాగింది. మోచేతికి పైన కూడా ఒకటుంది, రూపాయి బిళ్ళంత.

"అది పిక్క పేలి ఎగిరినాది బాబూ" అన్నాడు గున్నయ్య. "జీడే. ఒట్టు."

"నువ్వు నోరు మూసుకో" అన్నాను. "నువ్వూ నేనూ జీడి అనుకున్న ముచ్చట ఒకసారి అయింది."

బుట్ట బల్లమీద పెట్టబోతే వద్దని చేత్తో ఆపాను. సూది గుచ్చాను. దూది పెట్టాను. స్లయిడు లాగాను. రంగు పోసిన పన్నెండు నిమిషాల్లో గున్నయ్య కిడ్నీ గురించి అడగలేదు. కుమారి దూది నొక్కి పట్టుకుని నన్నే చూస్తోంది.

మైక్రోస్కోపు మీదికి వంగాను. ప్లేట్‌లెట్లు గుప్పెళ్ళతో చల్లినట్టు ఉన్నాయి. సరిపోదు. తెల్లకణాలు వంద లెక్కపెట్టడం మామూలు. రెండు వందలు లెక్కపెట్టాను. ప్రతిదాన్నీ ఏ ఇంటిదో, ఎంత ఎదిగిందో అడిగి అడిగి పంపాను. అన్నీ పెద్దవే. అన్నీ ఎదిగినవే. పుల్ల కోసం వెతికాను. ఒక్కటి లేదు.

తల ఎత్తి కుమారి చేతి మీది దూది తీసి చూశాను. ఒక్క చుక్క, గోరంత. ఎప్పుడో ఆగిపోయింది.

ఆ నల్లటి చేతిని నా రెండు చేతుల్తో పట్టుకున్నాను. తిట్టాలని ఎన్నో మాటలు నోటిదాకా వచ్చాయి. అంత జబ్బు పడి లేచిన మనిషి మళ్ళీ ఆ బట్టీకి వెళ్ళడమేమిటి అని అరవాలనిపించింది. ఒక్కటీ రాలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

"జీడే" అన్నాను. "జీడేనే అమ్మీ. ఉత్త జీడే."

"మరదే గదా మేం సెప్పినాది!" అన్నాడు గున్నయ్య, తన కళ్ళు తుడుచుకుంటూ.

నా అరచేతులకి నల్లగా మరక అంటింది. చూసుకున్నాను, తుడుచుకోలేదు.

"ఆ బుట్టలో ఏమున్నాయి?" అని అడిగాను.

"సందువలు బాబూ. రెండు."

"ఇటియ్యి" అన్నాను.